చుక్కే కదా అనుకోవద్దు!



"నీరు పల్లమెరుగు" అన్నారు పెద్దలు. కానీ ఆ పల్లానికి చేరేలోగా అది మన గోడను, శ్లాబును ఎంత తినేస్తుందో చాలామంది గమనించరు. హాస్టళ్ళలో చదువుకున్న మనలో చాలామంది తల్లిదండ్రులు కూలి చేసి, ప్రభుత్వం ఇచ్చినదానికి అప్పు కలిపి ఇల్లు కట్టుకున్నవారే. అలాంటి ఇంటిని ఒక పాత వాషరు పాడుచేయకూడదు.

మా ఇంట్లో బాత్రూం గోడకు చెమ్మ కనిపిస్తే, ఉప్పు ఊరుతోందిలే అని పైన సున్నం వేసి ఊరుకున్నాం. ఆ వానాకాలంలో గోడ అవతలి గదిలో స్విచ్చి బోర్డు ముట్టుకున్న అమ్మకు షాకు కొట్టింది. అదృష్టం కొద్దీ ప్రమాదం తప్పింది. గోడ పగలగొట్టి చూస్తే, కారుతున్నది లోపలి పైపు జాయింటు ఒక్కటే! ఆ తర్వాతే ఈ పని నేర్చుకున్నాను.

నీరు ఇంటిని ఎలా పాడుచేస్తుంది?

శ్లాబులోకి దిగిన నీరు లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అది కాంక్రీటును లోపలినుంచి నెట్టి పగుళ్ళు తెప్పిస్తుంది. చివరకు పెచ్చులు ఊడి, కింద పడుకున్నవారి మీద పడతాయి. గోడ పగుళ్ళలో రావి మొక్క మొలిచిందంటే అక్కడ చెమ్మ ఉన్నట్లే.

పైపు పగులుతో మరో ప్రమాదం ఉంది. నీటి సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గి, పగులు పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం వ్యాపించి, పలువురు ప్రాణాలు కోల్పోయారు.

లెక్క వేసి చూద్దాం

కారే కుళాయి కింద 15 లీటర్ల బకెట్టు పెట్టండి. అది పది గంటల్లో నిండితే, రోజుకు 36 లీటర్లు, ఏడాదికి 13,140 లీటర్లు వృథా. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు పదమూడు! తిరువూరు మెట్ట ప్రాంతం. పక్కనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బులతో బాధపడుతూ మంచినీటి కోసం ఎంతగా ఎదురుచూశారో మనకు తెలియనిది కాదు.

కనపడని లీకును పట్టుకోవడం ఎలా?

రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, మోటారు ఆపి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర గుర్తు పెట్టండి. ఎవరూ నీళ్ళు వాడకపోయినా తెల్లవారేసరికి మట్టం తగ్గితే, ఎక్కడో కారుతున్నట్లే.

మనమే చేసుకోగల పనులు

1. కుళాయి కట్టేసినా చుక్కలు పడుతుంటే చాలాసార్లు వాషరు అరిగినట్లే. ముందు గేటు వాల్వు కట్టేయండి. స్పానరుతో కుళాయి పై భాగం విప్పి, పాత వాషరు తీసి, అదే సైజు కొత్తది వేసి బిగించండి. అతిగా బిగిస్తే మర పాడవుతుంది.

2. మర జాయింటు దగ్గర కారుతుంటే విప్పి, పాత టేపు, మట్టి శుభ్రంగా తుడిచి, టెఫ్లాన్ టేపు చుట్టండి. మర చివర మీవైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టాలి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది.

3. పి.వి.సి. పైపు పగిలితే ఎంసీల్ తాత్కాలికమే. పగిలిన ముక్క కోసేసి, తడి లేకుండా తుడిచి, సొల్యూషన్ రాసి కప్లింగు వేయాలి. డబ్బా మీద రాసినంత సేపు ఆరాకే నీళ్ళు వదలాలి.

4. ట్యాంకు పొంగి గోడ మీద పడకుండా ఫ్లోట్ వాల్వు పనిచేస్తుందో లేదో చూడండి. దానికి సున్నంలాంటి గార పడితే గీకి తీయండి. ట్యాంకు మూత ఎప్పుడూ వేసి ఉంచండి. నిలిచిన మంచినీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

5. జూన్‌లో వానలు మొదలయ్యేలోగా శ్లాబు మీది నీటి గొట్టాల్లో ఆకులు, చెత్త తీసేయండి.

ఒక హెచ్చరిక: తడి గోడ మీద స్విచ్చి ఉంటే ముందు మెయిన్ ఆపాలి. ఆ తర్వాతే గోడ ముట్టుకోవాలి. కరెంటు పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

తమ్ముళ్ళారా, హాస్టల్లో కుళాయి కారుతుంటే చూసి ఊరుకోకండి. అదే రోజు వార్డెన్ గారికి చెప్పండి, పుస్తకంలో రాయించండి. ఈ పని మీద ఇష్టం కలిగితే ఐ.టి.ఐ.లో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు ఉంది. అన్నం పెట్టే పని ఏదీ చిన్నది కాదు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఇంటి గోడలు ఒకసారి తడిమి చూడండి. వారు చెప్పుకోరు. చెమ్మను మనమే కనిపెట్టాలి.