పూవునకు అర్థమిచ్చినదెవరు?

సంక్రాంతినాడు గొబ్బెమ్మల తలపై గ్రుచ్చు బంతిపూవు మన దేశపుది కాదని విన్నప్పుడు మేము మొదట నమ్మలేదు. దాని పుట్టినిల్లు మెక్సికో. 1492లో ఐరోపా నావికులు ఆ ఖండమునకు దారి కనుగొనిన పిదపనే అది సముద్రములు దాటి మన పెరళ్లకు చేరినది.

అక్కడ నవంబరు 1, 2 తేదీలలో మృతులను తలచుకొను పండుగ జరుగును. గృహస్థులు వీథి మొదలుకొని ఇంటిలోని పీఠము వఱకు బంతిరేకులు చల్లుదురు. ఆ వన్నెను, ఆ ఘాటైన వాసనను ఆనవాలుపట్టి గతించినవారు తమ యింటికి దారి తెలిసికొందురని వారి విశ్వాసము. ఆ పూవే మన పెండ్లివారి గుమ్మమునకు తోరణము! చేమంతి సంగతియు నింతే. ఫ్రాన్సులో దానిని సమాధులపై నుంచుదురు. జపానులో పదునాఱు రేకుల చేమంతి చక్రవర్తి వంశమునకు చిహ్నము.

మొగలిపూవు కథ సోదరీమణు లెఱుగనిది కాదు. లింగము తుద చూచితినని బ్రహ్మ పలికిన అసత్యమునకు సాక్ష్యము చెప్పి, శివపూజకు పనికిరాకుండ శాపము పొందినది. అయినను మన అమ్మమ్మలు పెండ్లికూతురి జడలో మొగలిరేకులు కుట్టుట మానిరా? శాపము శివాలయపు గడపదగ్గఱనే నిలిచిపోయినది. ఎవరును నీరు పోయకయే బీడులలో పూచు తంగేటిని బతుకమ్మగా పేర్చి, తెలంగాణపు స్త్రీలు గౌరీదేవిగా కొలుచుచున్నారు.

పూలకు ఇన్ని అర్థములు కల్పించుకొనిన మనము ఒక్కదానిని మాత్రము శిలాశాసనమువలె పట్టుకొని యున్నాము: భర్త పోయిన స్త్రీకి పూవు తగదట. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. నేటికిని శుభకార్యములలో పూలపళ్ళెము కొందఱిని దాటిపోవుచునే యున్నది.

మా మేనత్తగారు ఇరువదిమూడవ యేట భర్తను పోగొట్టుకొనిరి. మా యింట ఏ పండుగ వచ్చినను పూలబుట్ట ఆమె యొడిలోనే. తడిపిన అరటినారతో, నడుమ నడుమ మరువము చేర్చి ఆమె కట్టిన మాలయే దేవునికి. గత శ్రావణమున మా చిన్నది, ఏమియు నెఱుగక, మిగిలిన మూరెడు సన్నజాజులు ఆమె కొప్పులో తుఱిమినది. ఎదుట పేరంటాండ్రు కూర్చుండి యుండిరి. ఎవ్వరును మాటాడలేదు. మేమును మాటాడలేదు, అందులకు ఇప్పటికిని సిగ్గుపడుచున్నాము. ఆమె మాత్రము పూలు తీయలేదు. ఒక్క క్షణము చేయి కొప్పువఱకు పోయి ఆగినది. పిమ్మట మరల నార అందుకొనిరి.