పైంతీస్ అంటే ఎంత?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3లో తెలుగు ఇంటి పిల్లలకు ఒకే సంఖ్య మూడు పేర్లతో వినబడుతుంది. ఇంట్లో అమ్మ ‘ముప్పై అయిదు’ అంటుంది. బజార్లో ఉల్లిపాయలమ్మే ఆయన ‘పైంతీస్’ అంటాడు. బడి ఇంగ్లీషు మీడియమైతే టీచరు ‘థర్టీ ఫైవ్’ అంటారు. నోటుబుక్కులో మాత్రం మూడింటికీ రాయాల్సింది 35. పెద్దవాళ్లకు ఇందులో ఇబ్బందేమీ కనబడదు. లెక్కలు అప్పుడప్పుడే మొదలుపెట్టిన ఆరేడేళ్ల బుర్రకు ఇది చిన్న పని కాదు.

1955లో భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యాక ఉక్కు పని కోసం దేశం నలుమూలల నుంచీ జనం భిలాయి చేరారు. వారిలో ఉత్తరాంధ్ర వాళ్లూ ఉన్నారు. భిలాయి-3, చరోదా వైపు రైల్వే బతుకుతెరువు చూపింది. 2016లో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చిన ఐఐటీ కూడా భిలాయిదే. ఐఐటీ సీటు కోసం కోచింగులకు పరుగెత్తే పిల్లలూ, రెండంకెల తీసివేత దగ్గరే ఆగిపోయిన పిల్లలూ ఇలాంటి ఊళ్లో పక్కపక్కనే ఉంటారు. వెనకబడ్డవాళ్లకు ‘లెక్కలు రావు’ అని ముద్ర వేసేయడం తేలిక. పరిశోధనలు చెప్పేది వేరు. తప్పు జవాబుకూ ఓ పద్ధతి ఉంటుంది. దాన్ని పట్టుకున్న టీచరుకే దిద్దే దారి దొరుకుతుంది.

పేరులోనే తిరకాసు

తెలుగులో ఇరవై దాటితే సంఖ్యల పేర్లు నేర్చుకోవడం సులువు. పదుల పేర్లు వస్తే చాలు, వాటి పక్కన ఒకటి, రెండు చేర్చుకుంటూ తొంభై తొమ్మిది దాకా పోవచ్చు. రాసే వరసా అదే: ముందు పదులు, తర్వాత ఒకట్లు.

హిందీలో అలా కాదు. పైంతీస్‌లో అయిదు ముందు, ముప్పై వెనక. 53ను తిర్పన్ అంటారు. అందులోనూ మూడే ముందు. 39 ఉన్తాలీస్, అంటే నలభైకి ఒకటి తక్కువ. ఈ ‘ఒకటి తక్కువ’ వరస 79 దాకా నడిచి, 89 నవాసీ దగ్గరా 99 నిన్యానవే దగ్గరా తప్పిపోతుంది. మొత్తం మీద వంద వరకూ పేర్లు దాదాపు కంఠతా పట్టాల్సిందే.

చెవికి అయిదు ముందు తగిలి, చేయి మూడు ముందు రాయాలి. ఇలాంటి చోట అంకెలు తారుమారవుతాయని యూరప్‌లో గమనించారు. జర్మన్‌లోనూ ఒకట్లు ముందు పలుకుతారు. ఆస్ట్రియాలో ఒకటో తరగతి పిల్లలకు సంఖ్యలు చెప్పి రాయిస్తే, వచ్చిన తప్పుల్లో దాదాపు సగం ఈ తిరగేత వల్లనే అని 2009లో తేలింది. చెక్ భాషలో ఒకే సంఖ్యను రెండు వరసల్లోనూ పలకవచ్చు. అక్కడ అదే పిల్లలు ఒకట్లు ముందు పలికిన సంఖ్యల్ని ఎక్కువగా తారుమారు చేశారు. పిల్లలు మారలేదు, పేరు మారిందంతే.

శ్రీకాకుళం కొండల్లోని సవరల లెక్క ఇంకో దారి. వాళ్ల భాషలో పన్నెండూ ఒక మెట్టే, ఇరవయ్యీ ఒక మెట్టే. 13 అంటే పన్నెండు-ఒకటి. 35 అంటే ఇరవై-పన్నెండు-మూడు. గిడుగు రామమూర్తి శ్రద్ధగా నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ రాసిన భాష ఇది. సవర పిల్లలకు సంఖ్యాజ్ఞానం లేదనుకోవడం పొరపాటు. వాళ్లు గుత్తులు కట్టే తీరు వేరు.

నోటు కన్నా చిల్లర ఎక్కువ

100లోంచి 35 తీసేయమంటే కొందరు పిల్లలు 135 అని రాస్తారు. ఒకట్ల స్థానంలో సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి అయిదే రాస్తారు. పదుల్లో మూడు రాస్తారు. ఒకటి కిందికి దించుతారు. ‘పెద్ద అంకెలోంచి చిన్నది తీసెయ్యాలి’ అనే సూత్రాన్ని ప్రతి స్థానంలోనూ తు.చ. తప్పకుండా పాటించారన్నమాట. అదే పిల్లవాణ్ణి కొట్లో కూర్చోబెట్టి, 35 రూపాయల సరుకుకు వంద నోటిస్తే? ‘ముప్పై అయిదుకి అయిదు కలిపితే నలభై, ఇంకో అరవై’ అంటూ 65 చేతిలో పెడతాడు.

ఈ తేడాను బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో నూనెస్, కారాహెర్, ష్లీమాన్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. వీధుల్లో సరుకులమ్మే అయిదుగురు పిల్లల్ని పరీక్షిస్తే, బేరంలో 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు. అవే లెక్కలు ఉత్త అంకెల్లో కాగితం మీద ఇస్తే 37 శాతమే వచ్చాయి. 35 క్రుజేరోల చొప్పున నాలుగు కొబ్బరికాయలెంతంటే ఒక అబ్బాయి మూడింటి ధర 105కి ముప్పై కలిపి, తర్వాత అయిదు కలిపి 140 అన్నాడు. 35×4 అని రాసిస్తే 200 వేశాడు. నాలుగైదులు ఇరవై, రెండు మిగులు. ఆ రెండుని ముందే మూడుకి కలిపేసి, వచ్చిన అయిదుని మళ్లీ నాలుగుతో హెచ్చించాడు.

కోల్‌కతా, ఢిల్లీ బజార్ల పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు చేసిన పరిశోధన 2025లో ‘నేచర్’లో వచ్చింది. అక్కడా అదే కథ. పైగా బడిలో లెక్కలు చేయగలిగిన పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడ్డారు. అంటే రెండు జ్ఞానాలున్నాయి, మధ్యన వంతెన లేదు. ఆ వంతెన కట్టడం బడి పని.

ఏ మెట్టు మీద ఉన్నారు?

ఆరో తరగతి అని బోర్డు ఉన్నంత మాత్రాన గదిలో అందరిదీ ఆరో తరగతి లెక్క కాదు. ఢిల్లీలో కంప్యూటర్ పాఠాల మీద 2019లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, ఒకే తరగతిలో అయిదారు తరగతుల స్థాయిలున్నాయి. సిలబస్ ముందుకు పోతున్నకొద్దీ కింది మెట్టు మీద ఉన్నవాళ్లకు పాఠం అందకుండా పోతుంది.

దీనికి మన దేశంలోనే పరీక్షించి చూసిన మందుంది. 2001-03 మధ్య వడోదర, ముంబయిల్లో ‘ప్రథమ్’ సంస్థ మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడ్డ పిల్లల్ని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టింది. నేర్పినవాళ్లు స్థానిక యువతులు. నేర్పింది ఆ పిల్లలకు రాని మొదటి పాఠాలే. మార్కులు బాగా పెరిగాయి, అదీ బాగా వెనకబడ్డవాళ్లకే ఎక్కువగా. ఇప్పుడు ఈ పద్ధతిలో పిల్లల్ని తరగతిని బట్టి కాక, వచ్చినదాన్ని బట్టి గుంపులు చేస్తారు. ఒకటి నుంచి తొమ్మిది గుర్తుపడతారా, రెండంకెలు చదువుతారా, అప్పు తెచ్చుకుని తీసివేస్తారా, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగిస్తారా? నాలుగు ప్రశ్నలతో మెట్టు తెలుస్తుంది. కొన్ని వారాలకోసారి మళ్లీ చూసి గుంపు మార్చాలి. మార్చకపోతే అది ‘మొద్దుల బెంచీ’ అయి కూర్చుంటుంది.

భిలాయి-3 లాంటి చోట దీనికి మరో రెండు పనులు చేర్చుకోవాలి. పుల్లలు పదేసి కట్టలు కట్టి, ‘పైంతీస్’ అన్నప్పుడల్లా మూడు కట్టలు, అయిదు విడిపుల్లలు పెట్టించాలి. ఏ ఇంటి భాషవాళ్లు ఆ భాషలో ‘మూడు పదులు, అయిదు’ అని చెప్పుకోనివ్వాలి. 100లోంచి 35 తీసేటప్పుడు ఒక కట్ట విప్పితే అప్పు తేవడమంటే ఏమిటో కంటికి కనబడుతుంది. రెండోది, జవాబుకు ఇంటూ పెట్టేముందు ‘ఎలా చేశావ్?’ అని అడగడం. 135 రాసిన పిల్లవాడికీ, 200 రాసిన పిల్లవాడికీ కావలసిన పాఠాలు వేరు. ఎర్ర సిరా ఇద్దరికీ ఒకే మాట చెబుతుంది. ఆ ప్రశ్న అడిగిన టీచరు ఎవరికి కావలసింది వాళ్లకు చెప్పగలరు.