బడి మానినా చదువు మానలేదు



మొన్నామధ్య నేను చేసిన ఒక ప్రసంగంలో, మాటల సందర్భంలో, రావూరి భరద్వాజ గారి పేరు చెప్పాను. హైస్కూలు చదువైనా పూర్తి చేయని మనిషి రేడియోలో ఉద్యోగం చేశారనీ, కడకు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోయాను. ఆ ఒక్క వాక్యం ఎవరింటి దాకా పోయిందో నాలుగు రోజుల తరువాత గానీ నాకు తెలియలేదు.

మరిపెడ అంగడిలో కూరగాయలు బేరం చేస్తుంటే పక్క ఊరి ఆమె ఒకామె నా కొంగు పట్టుకుని ఆపింది. "వదినా, నీ మాటలు విన్న. మా పిల్ల పది పాసయింది. ఇంటర్ల చేర్పియ్యమని ఒకటే ఏడుస్తున్నది. బడి చదువు లేనాయనకే అంత పెద్ద బహుమానం వచ్చిందని నువ్వే చెప్పినవు గదా! ఇంక పిల్లకు చదువెందుకు అంటున్నడు మా ఇంటాయన" అన్నది.

నాకు నోట మాట రాలేదు. సంచీ పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ పూట అన్నం సయించలేదంటే నమ్మండి. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే చెప్పాను. సగం చెప్పిన నిజం ఒక్కోసారి అబద్ధం కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. అందుకే ఆ మిగతా సగం ఈవేళ చెబుతాను.

భరద్వాజ గారు 1927 జూలై 5న మోగులూరులో పుట్టారు. కంచికచర్ల దగ్గరి ఊరు అది. చుట్టూ ఇంగ్లీషు వాళ్ల ఏలుబడి ఉన్నా, ఆ ఊరు మాత్రం నిజాం గారి హైదరాబాదు సంస్థానం కింద ఉండేది. తరువాత ఆ కుటుంబం గుంటూరు జిల్లా తాడికొండకు చేరింది. ఇంట్లో లేమి. చదువు మధ్యలోనే ఆగిపోయింది. పిల్లవాడు పొలం పనికి పోయాడు, ఫ్యాక్టరీలో పనిచేశాడు, అచ్చు యంత్రాల దగ్గర నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఆయన చూసిన ఆకలి, అవమానం తరువాత ఆయన రచనలన్నిటిలోనూ కనిపిస్తాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అచ్చు యంత్రం దగ్గర పని అంటే ఏమిటి? ఆ కాలంలో ఒక్కొక్క అక్షరం సీసపు ముక్కగా ఉండేది. వాటిని ఏరి, వరుసగా పేర్చి, వాక్యం కట్టాలి. తప్పు పోతే మళ్లీ విప్పి సరిచేయాలి. అక్షరాల మధ్య పొద్దస్తమానం బతికే చోటు అది. అలాంటి చోట పనిచేస్తూ, పనయ్యాక దొరికిన పుస్తకమల్లా చదువుకుంటూ పోయిన పిల్లవాడిని చదువు మానినవాడు అనగలమా? బడి మానాడు, అంతే.

1946లో, అంటే 19 ఏళ్ల వయసులో, ఆయన నెల్లూరు వెళ్లి 'జమీన్ రైతు' వారపత్రికలో చేరారు. 1948లో 'దీనబంధు' వారపత్రిక బాధ్యత చూశారు. తరువాత 'జ్యోతి', 'సమీక్ష', 'చిత్రసీమ', 'యువ' వంటి పత్రికలలో 1959 దాకా పనిచేశారు. లెక్క కట్టి చూడండి, 13 ఏళ్లు. ఎవరైనా పిల్లను ఇంటరులో వేసి, డిగ్రీ చదివించి, ఆ పైన రెండు మూడేళ్లు పెద్ద చదువు చెప్పించినా ఎనిమిదేళ్లకు మించదు. ఆయన పత్రికలలో నేర్చుకున్నది 13 ఏళ్లు!

పత్రిక పని అంటే ఊరకే రాయడం కాదు. వచ్చిన కథల్లో ఏది అచ్చుకు పనికొస్తుందో తేల్చాలి. పదిమంది రాసింది చదివి, తాలు చెరిగి గింజ మిగల్చాలి. మనం చేటతో చేసే పనే అది, కలంతో చేస్తారు. కొత్త పుస్తకం వస్తే అందులో సారమేమిటో, లోటేమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. సాహిత్య విమర్శ అని పెద్ద పేరు పెట్టుకున్న పనికి మొదటి మెట్టు ఇదే.

1959లో ఆయన హైదరాబాదు ఆకాశవాణిలో స్క్రిప్టు రైటరుగా చేరారు. నిజాం కాలంలో దక్కన్ రేడియోగా ఉన్న ఆ కేంద్రం 1950లో ఆకాశవాణిలో కలిసింది. అప్పట్లో రేడియో వాళ్లు పేరున్న రచయితలను పిలిచి కార్యక్రమాల బాధ్యత అప్పగిస్తుండేవారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు అలా వచ్చినవారే. మన మరిపెడ పక్కనే చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు గారు కూడా ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేశారు. ఇది మన దేశంలోనే ఉన్న వింత కాదు. ఇంగ్లీషులో పేరెన్నిక గన్న జార్జ్ ఆర్వెల్ యుద్ధకాలంలో, 1941 నుంచి 1943 దాకా, లండన్ బి.బి.సి.లో కూర్చుని మన దేశపు శ్రోతల కోసం సాహిత్య ప్రసంగాలు ఏర్పాటు చేశాడు. రేడియోకు రచయిత కావాలి, రచయితకు నెల జీతం కావాలి. అలా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

ఇంతకూ రేడియోలో రచయితకు పనేమిటి? నాకు తెలిసినంతలో చెబుతాను. పుస్తకం చదివేవాడికి ఒక వాక్యం అర్థం కాకపోతే వెనక్కి పోయి మళ్లీ చదువుకుంటాడు. రేడియో వినే మనిషికి ఆ వీలు లేదు. పొయ్యి మీద కూర మాడకుండా చూస్తూ, చంటిపిల్లను ఊపుతూ వింటుంటుంది. మాట చెవిలో పడగానే అర్థం కావాలి. కాబట్టి వాక్యం పొట్టిగా ఉండాలి. "పైన చెప్పినట్లు" అనకూడదు, చెవికి పైనా కిందా ఉండవు కదా. అంకెలు ఎక్కువ చెబితే నిలవవు. పది నిమిషాల ప్రసంగం పది నిమిషాల్లోనే అయిపోవాలి. పండితుడు తెచ్చిన బరువైన కాగితాన్ని ఇలా అందరి చెవికీ ఎక్కేలా తిరగరాయడం, ఆయన నొచ్చుకోకుండా ఒప్పించడం, గడియారం చూసి చదివించడం, ఇవన్నీ తెర వెనక జరిగే పనులు. వాటి కింద ఎవరి సంతకమూ ఉండదు. పైగా ఆ రోజుల్లో రికార్డు చేసిన టేపులను చెరిపి మళ్లీ వాడుకునేవారు. అంత కష్టపడి చేసింది గాలిలో కలిసిపోయేది.

ఈ పనిలో భరద్వాజ గారు 1987లో పదవీ విరమణ చేసేదాకా ఉన్నారు. అంటే 28 ఏళ్లు. కూలివాడి మాట, అచ్చు పనివాడి మాట, పంతులు గారి మాట, అన్నీ చెవిన పడ్డ మనిషి కాబట్టి ఏ మాట ఎవరికి అందుతుందో ఆయనకు తెలుసు. పేదరికం ఆయనకు ఇచ్చింది ఏదైనా ఉంటే అది ఈ చెవి ఒక్కటే. మిగతావన్నీ ఆయన కష్టార్జితం.

పగలు ఉద్యోగం. మరి ఆ పుస్తకాలన్నీ ఎప్పుడు రాశారో! కథా సంపుటాలు 37, నవలలు 17. అవి కాక నాటికలు, పిల్లల పుస్తకాలు. సినిమా లోకపు లోగుట్టు చెప్పే 'పాకుడురాళ్లు' నవల ముందు 'కృష్ణాపత్రిక'లో ధారావాహికగా వచ్చింది. నాటకాలు ఆడుకునే ఒక పిల్ల మంజరి అనే పేరుతో పెద్ద తార కావడం, ఆ ఎత్తున కాలు నిలవక జారడం అందులో కథ. 'జీవన సమరం' అనే పుస్తకంలో నాయకులూ రాజులూ లేరు. రోజు కూలితో బతుకీడ్చేవాళ్లు, చిన్నాచితకా పనులతో పొట్టపోసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోయి, వాళ్లు చెప్పింది విని రాశారు. దానికి 1983లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2012వ సంవత్సరపు జ్ఞానపీఠం ఆయనకు ప్రకటించారు. తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ గారు, సి. నారాయణరెడ్డి గారి తరువాత ఆ గౌరవం పొందిన మూడోవారు ఈయన. ఆ పురస్కారం అందుకున్న కొద్ది రోజులకే, 2013 అక్టోబరు 18న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక్కడ ఇంకొకరి పేరు చెప్పకుండా ఊరుకుంటే నా ఆడపుట్టుకకే అన్యాయం చేసినదాన్నవుతాను. ఆమె ఆయన ఇల్లాలు కాంతం గారు. 1948లో ఆ ఇంట అడుగు పెట్టారు. పత్రికల జీతాలు ఎంతో, అవి ఏ తేదీన వచ్చేవో మనం ఊహించుకోవచ్చు. సంసారం ఈదిన ఇల్లాలు 1986లో వెళ్లిపోయారు. ఆమెను తలచుకుంటూ ఆయన పుస్తకాలే రాశారు. ఇంతమంది పాఠకులున్న ఆయన ఆ ఒక్క మనిషి లేని లోటు పూడ్చుకోలేక కాగితంతో మాట్లాడుకున్నారు. జ్ఞానపీఠం వచ్చేనాటికి ఆమె లేరు.

ఇప్పుడు అంగడిలో నన్నడిగిన ఆమెకు జవాబు చెబుతాను. అమ్మా, చదువు లేకుండా జ్ఞానపీఠం రాలేదు. బడిలో నాలుగేళ్లలో అందవలసిన చదువును ఆయన పొలంలో, ఫ్యాక్టరీలో, అచ్చుకొట్టంలో మూడింతల ధర పెట్టి కొనుక్కున్నారు. అదీ మగపిల్లవాడు కాబట్టి సాగింది. 19 ఏళ్ల పిల్లవాడు మూట కట్టుకుని నెల్లూరు పోతే, ప్రయోజకుడవుతున్నాడని ఊరు మెచ్చుకుంటుంది. అదే 19 ఏళ్ల ఆడపిల్ల ఉత్త చేతులతో పట్నం పోయి పత్రికలో పని అడుగుతానంటే మీరు పంపిస్తారా? మీ ఇంటాయన పంపిస్తాడా? పంపనప్పుడు ఆయన దారి మీ పిల్లకు దారి కాదు. మీ పిల్లకున్న దారల్లా పొద్దున ఎనిమిది గంటల బస్సూ, కాలేజీ గేటూ.

ఇంకొక మాట. ఆయనలా బడి మాని ఆ రోజుల్లో కూలికి పోయిన పిల్లలు వేల మంది ఉంటారు. వాళ్లలో జ్ఞానపీఠం దాకా వచ్చింది ఆయన ఒక్కరు. తక్కినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వరదలో ఒకడు ఈది ఒడ్డెక్కాడని, మన పిల్లను వరదలోకి తోస్తామా?

నేనూ పదో తరగతితో ఆగినదాన్నే. ఈ నాలుగు పేజీలు రాయడానికి ఎన్ని రాత్రులు నిఘంటువు తిరగేశానో మా ఇంట్లో వాళ్లకు తెలుసు. తెలియని మాట ఎదురైనప్పుడల్లా, ఆనాడు ఇంకొక రెండేళ్లు చదివి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. భరద్వాజ గారి జీవితం నాకు ధైర్యం ఇచ్చింది, నిజమే. ఆగిపోయినవాళ్లకు మళ్లీ నడవమని చెప్పే జీవితం అది. నడుస్తున్నవాళ్లను ఆగమని అది ఎన్నడూ చెప్పలేదు.

మీ పిల్లను కాలేజీలో చేర్పించండి. ఫారం నింపడం తెలియకపోతే మా ఇంటికి రండి, నేను నింపి పెడతాను. ఇంటాయన ఒప్పుకోకపోతే ఈ ప్రసంగం ఆయన చెవిన వేయండి. నేను సగం చెప్పి చేసిన తప్పు, పూర్తిగా చెప్పి దిద్దుకున్నానని నా మనసుకైనా తృప్తి ఉంటుంది.

సెలవు.