గ్రూప్‌లో కనిపించని మెసేజ్‌లు

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. రెండేళ్ల కిందట హెచ్‌-1బి లాటరీకి నా పేరు వెళ్లినప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, ఆ జ్యోతిష్కుడు చెబితే తప్పదంట. ఆయన గ్రూప్‌లో అందరూ అదే అంటున్నారు" అంది. నిజమే, గ్రూప్ నిండా థ్యాంక్స్ మెసేజ్‌లే. పూజకని 300 డాలర్లు పంపాను. "ఈసారి ఖాయం" అన్నాడు. రాలేదు. అడిగితే "నీ నమ్మకంలోనే లోపం ఉంది" అన్నాడు.

నేనుండేది నార్త్ కరోలినాలో, డర్హమ్ పక్కన. ఆ ఊళ్లోని డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ అనే ఆయన 1930లలో ఒక ప్రశ్నని ప్రయోగంగా మార్చాడు: కంటితో చూడకుండా తెలుసుకునే శక్తి మనిషికి ఉందా? 1960లలో ఆయన దగ్గర పనిచేసినవాళ్లలో మన తెలుగాయన ఉన్నారు, కోనేరు రామకృష్ణారావు గారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఇదే విషయం మీద పరిశోధన నడిపారు. మళ్లీ డర్హమ్ వచ్చి రైన్ పెట్టిన సంస్థకి డైరెక్టర్‌గా ఉన్నారు. 1984లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ప్రయోగం సింపుల్. 25 కార్డులు, ఐదు రకాల గుర్తులు. కార్డు చూడకుండా గుర్తు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా సగటున 5 కరెక్ట్ అవుతాయి. మరి 10 చెప్పినవాడికి శక్తి ఉన్నట్టేనా? తొందరపడకండి. 100 మంది ఊరికే ఊహించినా, సుమారు ఇద్దరికి 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తాయి. ఆ ఇద్దరినే స్టేజీ ఎక్కిస్తే అద్భుతంలా ఉంటుంది. మిగతా 98 మందిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

విమర్శకులు ఇంకా లోపాలు పట్టారు. కొన్ని కార్డుల్లో గుర్తు వెనక నుంచే కనిపించేది. కాబట్టి కార్డుకీ చెప్పేవాడికీ మధ్య దూరం పెట్టాలి, మార్కులు వేసేవాడికి జవాబు తెలియకూడదు. ఇంకో చిక్కు ఏంటంటే, స్కోరు మరీ తక్కువ వస్తే అదీ శక్తికి గుర్తే అనే వాదన ఈ రంగంలో ఉండేది. ఎక్కువొచ్చినా గెలుపే, తక్కువొచ్చినా గెలుపే అయితే ఓడేదెప్పుడు? అందుకే ఏది వస్తే ఓడినట్టో ప్రయోగానికి ముందే రాసిపెట్టాలి.

1974లో రైన్ సంస్థలోనే వాల్టర్ లెవీ అనే డైరెక్టర్ ఎలుకల ప్రయోగంలో లెక్కలు మారుస్తున్నాడని తోటివాళ్లకి అనుమానం వచ్చింది. అతనికి తెలియకుండా రెండో లెక్కింపు పెట్టి పట్టుకున్నారు. ఆ విషయాన్ని రైనే బయటపెట్టాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఆ శక్తి ఉందని ఒప్పుకోలేదు. కానీ అంత ఇష్టంగా నమ్మినవాళ్లు కూడా తమ లెక్కని ఇంకొకరు చెక్ చేయాల్సిందే అనుకున్నారు చూడండి, నాకు నచ్చింది అది.

ఇప్పుడు మన గ్రూప్‌కి వద్దాం. నలుగురిలో ఒకరికి లాటరీ తగిలే ఏడాది అనుకోండి. 40 మందికీ "నీకొస్తుంది" అని చెబితే, ఏ శక్తీ లేకుండానే దాదాపు పదిమందికి వస్తుంది. ఆ పదిమందీ థ్యాంక్స్ పెడతారు. మిగతా 30 మంది నాలాగే సిగ్గుపడి నోరు మూసుకుంటారు. "నమ్మకం లోపం" అన్న మాట ముందే చెప్పి ఉంటే నేను డబ్బు పంపేవాణ్ణా?

గుడికి వెళ్లడం, దండం పెట్టుకోవడం వేరే సంగతి, నేనూ వెళ్తాను. వీసా పేరు చెప్పి డబ్బు అడిగేవాళ్ల గురించే ఈ గోలంతా.

ఈ ఏడాది అమ్మ మళ్లీ అడిగింది. "సరే అమ్మా, ఎవరెవరికి వస్తుందో, ఎవరికి రాదో పేర్లతో, తేదీతో ముందే రాసిమ్మను. రిజల్ట్స్ వచ్చాక ఇద్దరం కూర్చుని చూద్దాం" అన్నాను. అమ్మ ఆయన్ని అడిగింది కూడా. ఇంతవరకూ కాగితం రాలేదు.