మాతృశిల (పెట్రోలియం)

ముడి చమురు, సహజవాయువు పుట్టుటకు ఆధారమైన అవక్షేప శిలను మాతృశిల అంటారు. ఒక శిల చమురునిస్తుందా, వాయువునిస్తుందా, అసలేమీ ఇవ్వదా అన్నది మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది: అందులోని సేంద్రియ పదార్థం ఎంత, అది ఏ రకము, శిల ఎంత వేడికి ఎంతకాలం గురైనది.

కెరోజెన్ రకాలు

శిలలో మిగిలిపోయి, ద్రావణులలో కరగని సేంద్రియ పదార్థాన్ని కెరోజెన్ అంటారు. ఇందులో ముఖ్యమైనవి మూడు రకాలు.

* మొదటి రకము: ఎక్కువగా సరస్సులలోని శైవలాల నుండి ఏర్పడుతుంది. హైడ్రోజన్ అధికం కనుక ప్రధానంగా చమురునిస్తుంది.
* రెండవ రకము: ముఖ్యంగా సముద్ర ప్లవకాల అవశేషం. చమురు, వాయువు రెండింటినీ ఇస్తుంది.
* మూడవ రకము: నేలమీది మొక్కల, కలప అవశేషం. హైడ్రోజన్ తక్కువ కనుక ప్రధానంగా వాయువునిస్తుంది.

పక్వత

భూగర్భంలో లోతుకు పోయినకొద్దీ వేడి పెరుగుతుంది. సాధారణంగా కిలోమీటరుకు 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్. సుమారు 60 నుండి 120 డిగ్రీల మధ్య చమురు, అంతకు మించితే వాయువు ఏర్పడుతుంది. దీనిని పొయ్యిమీది అన్నంతో పోల్చవచ్చును: వేడి చాలకపోతే పలుకుగా ఉంటుంది, మించితే మాడిపోతుంది. కలప నుండి వచ్చిన విట్రినైట్ అనే పదార్థం కాంతిని ఎంత శాతం పరావర్తనం చేస్తుందో కొలిచి పక్వతను అంచనా వేస్తారు. సుమారు 0.6 నుండి 1.3 శాతం వరకు చమురు దశ.

ఆంధ్రప్రదేశ్‌లో మాతృశిలలు

కృష్ణా-గోదావరి హరివాణంలో మండపేట క్షేత్రపు వాయువునకు పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం శిలాశ్రేణిలోని బొగ్గు, షేలు పొరలను మాతృశిలలుగా గుర్తించారు. ఇవి నేలమీది మొక్కల నుండి ఏర్పడినవి. అందుకే అక్కడ వాయువు ప్రధానం.

నంద్యాల, ఆళ్లగడ్డలున్న కుందూ లోయ సంగతి వేరు. విలియం కింగ్ 1872లో వర్ణించిన కర్నూలు శిలాసముదాయంలో నంద్యాల షేలు పైపొర. దానికి దిగువన కోయిలకుంట్ల సున్నపురాయి ఉన్నది. ఇవి సాధారణంగా 54 కోట్ల సంవత్సరాలకు పూర్వపువిగా పరిగణించబడుతున్నవి. నేలమీద మొక్కలు వెలసినది సుమారు 47 కోట్ల సంవత్సరాల క్రితం. కనుక ఈ షేలులో కలప కెరోజెన్ ఉండే అవకాశం లేదు. విట్రినైట్ కొలత కూడా ఇక్కడ పనికిరాదు.

అయితే ప్రాచీనమైనంత మాత్రాన శిల వట్టిదని చెప్పరాదు. ఒమన్, తూర్పు సైబీరియాలలో ఇటువంటి ప్రాచీన మాతృశిలల నుండి పుట్టిన చమురు లభిస్తున్నది. అక్కడ దానికి మూలం శైవలాలు, సూక్ష్మజీవులు. అలాగని షేలు కనబడిన ప్రతిచోటా చమురును ఆశించడమూ తగదు. నమూనాలను పరీక్షించి పై మూడు విషయాలను తేల్చుకొనవలెను. ఆ పిమ్మట, పుట్టిన చమురు చేరి నిలువ ఉండుటకు తగిన శిల, దానిపై మూతవంటి పొర ఉన్నవో లేవో కూడా చూడవలెను.