సంఘం దస్త్రాలు – రెండు ఊళ్ళ పెట్టెలు

మన పెద్దలు బరంపురంలోను, బళ్ళారిలోను, చెన్నపట్నంలోను స్థిరపడి తరాలు గడిచినవి. సభ్యుల పట్టీలు, చందా పుస్తకాలు, పాత సంచికలు చెదలకు కొన్ని, వానలకు కొన్ని పోగా, మిగిలినవి యీనాడు కంప్యూటరులోకి ఎక్కుతున్నవి. ఎక్కించినంత మాత్రాన పని తీరలేదు. వెదికితే దొరకవలెను, ఒక యంత్రం చెడినా మరొకటి వుండవలెను. యీ రెండు పనుల సంగతి గుమాస్తాల భాషలో చెప్పుటకు పూనుకొంటున్నాము.

ఉచితంగా లభించే సాధనాలలో కౌచ్‌డిబి ఒకటి. 2005లో డేమియన్ కాట్జ్ ప్రారంభించగా, 2008లో అపాచీ సంస్థ ప్రధాన ప్రాజెక్టులలో చేరినది. ఇందులో గళ్ళు గీసిన రిజిస్టరు లేదు. ఒక్కొక్క కాగితం ఒక్కొక్క దస్త్రం; రసీదుకు ఒక తీరు వివరాలు, శుభలేఖకు మరొక తీరు వుండవచ్చును. దిద్దినప్పుడల్లా దస్త్రానికి సవరణ సంఖ్య మారుతుంది.

బెంగుళూరులో ఒక యంత్రం, చెన్నపట్నంలో ఒకటి వున్నవనుకొందాము. రెప్లికేటర్ డేటాబేసులో ఎక్కడినుండి ఎక్కడికి అని వ్రాసి, ఎడతెగక సాగవలెనని చెబితే చాలును. రెండు వైపులా సాగుటకు అట్టివి రెండు వ్రాయవలెను. మధ్యలో లైను తెగినా, ఆగిన చోటినుండే మళ్ళీ సాగుతుంది.

ఒకరి సవరణ మరొకరికి చేరకముందే ఒకే సభ్యుని చిరునామా రెండు ఊళ్ళలోను దిద్దితే చిక్కు. యంత్రం ఒకదానిని పైకి ఎంచి, రెండవదానిని మరుగున వుంచుతుంది. ఏది నిజమో దానికేమి తెలుసు? మరుగున పడినవాటిని మనిషే చూచి తేల్చవలెను.

రెప్లికేషను వున్నది గదా, బ్యాకప్ ఎందుకని కొందరు వాదిస్తారు. మేము ఒప్పుకొనము. చెన్నపట్నంలో ఎవరైనా ఒక దస్త్రం కొట్టివేస్తే, ఆ కొట్టివేత కూడా బెంగుళూరుకు చేరుతుంది. పాత సవరణలు కొన్నాళ్ళు వున్నా, కంపాక్షను అనే శుభ్రపరచుటలో పోతాయి. కార్బను పెట్టి తప్పు వ్రాస్తే రెండు కాగితాలలోను తప్పే! కనుక వారానికొకసారి వేరే డిస్కుకు ప్రతి తీసి, యంత్రంనుండి విడదీసి బీరువాలో పెట్టవలెను.

ఇక వెదుకుట. 2024లో వచ్చిన 3.4 కూర్పులో నూవో అనే భాగం చేరినది. ఇది లూసీన్ ఆధారంగా, జావాలో నడిచే వేరే సర్వరు. పుస్తకం చివరి పదసూచిక వలె, ఏ మాట ఏ దస్త్రంలో వున్నదో ముందే వ్రాసి పెట్టుకొంటుంది. ఏయే వివరాలు సూచికలో చేరవలెనో డిజైన్ డాక్యుమెంటులో వ్రాయాలి. ఆ డాక్యుమెంటు రెండవ ఊరికి పోతుంది గాని, సూచిక పోదు. అక్కడ కూడా నూవో నడిపి, అక్కడి సూచిక అక్కడే కట్టుకోవలెను.

తెలుగుతో వచ్చే తంటా వేరు. ‘స్టాండర్డ్’ ఎనలైజరు మాటలను సరిగానే విడదీస్తుంది; విభక్తులను మాత్రం తీసివేయదు. ‘కోలారు’ అని వెదికితే ‘కోలారులో’ దొరకదు. చివర నక్షత్రపు గుర్తు పెడితే దొరుకుతుంది. కాని ‘ఊరు’కు నక్షత్రం పెట్టినా ‘ఊళ్ళో’ రాదు. ‘బళ్ళారి’ అని ఒకరు, ‘బళ్లారి’ అని మరొకరు వ్రాస్తారు. యంత్రానికి అవి రెండు ఊళ్ళు! మన ఇంటిపేర్లు ఇంగ్లీషు అక్షరాలలో పడిన తీరు చెప్పనలవి కాదు. అందుచేత దస్త్రంలో ‘ఇతర రూపాలు’ అని ఒక గడి వుంచి, పేరు ఎన్ని విధాల వ్రాయబడినదో అన్నీ చేర్చుట మేలని మా అభిప్రాయం.

పాత కాగితాన్ని ఫోటో తీసి చేర్చితే, అందులోని అక్షరాలు సూచికకు కనబడవు. ఎవరో చదివి టైపు చేయవలెను. మన పిల్లలలో పలువురికి టైపు వచ్చును గాని, తాతల నాటి గొలుసుకట్టు వ్రాత రాదు. ఆ వ్రాత చదువగల పెద్దలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోను ఏ నలుగురో. మా సంఘంలో నెలకు రెండు ఆదివారాలు ఒక పెద్దను, ఒక కుర్రవానిని ప్రక్కప్రక్కన కూర్చోబెడుతున్నాము. ఒకరు చదువగా ఒకరు కొడుతున్నారు.