పేరు పక్కన అక్షరాలు

ఈ మధ్య మా వార్డులో పనిచేసే ఒక అమ్మాయి గల్ఫ్ ఉద్యోగానికి రెజ్యూమె రాసుకుని, "మేడమ్, ఒకసారి చూసిపెట్టండి" అని తెచ్చింది. పేరు పక్కన జి.ఎన్.ఎం., ఆర్.ఎన్., ఆర్.ఎం., బి.ఎల్.ఎస్. అని బారుగా రాసుకుంది. ఈమెయిల్ చివర సంతకంలోనూ అవే. "బి.ఎల్.ఎస్. కార్డు ఏదమ్మా?" అని అడిగాను. తీసి చూస్తే గడువు దాటి ఏడు నెలలైంది. పాపం, తల దించుకుంది.

ఈ అక్షరాల అర్థం రోగులకూ, వారి కుటుంబాలకూ తెలిసి ఉండాలి. జి.ఎన్.ఎం. అంటే డిప్లొమా, చదివిన చదువు. అది ఎన్నాళ్లయినా మనదే. ఆర్.ఎన్., ఆర్.ఎం. అంటే రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. కోర్సు పాసైతే చాలదు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. బి.ఎల్.ఎస్. అంటే గుండె ఆగిన మనిషిని కాపాడే శిక్షణ. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే కార్డు రెండేళ్లే చెల్లుతుంది. పెద్దవారికైతే ఛాతీని నిమిషానికి 100 నుండి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. అభ్యాసం తప్పితే ఆ పట్టు పోతుంది. గడువు పెట్టింది అందుకే.

రెజ్యూమె రాసే పిల్లలకు నా సూచనలు:

1. పేరు పక్కన ముందు చదువు, తర్వాత రిజిస్ట్రేషన్ రాయండి. అంతకు మించి వద్దు.

2. బి.ఎల్.ఎస్. వంటి శిక్షణలను లోపల వేరుగా, పొందిన తేదీ, గడువు తేదీలతో చూపండి.

3. చదువుతున్న కోర్సును "చదువుతున్నాను" అనే రాయండి.

4. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ తేదీ చూసుకోండి. గల్ఫ్ దేశాల లైసెన్సు అధికారులు సర్టిఫికెట్లను కాలేజీతో, కౌన్సిల్‌తో నేరుగా సరిచూస్తారు. అబద్ధం బయటపడితే ఉద్యోగమే కాదు, లైసెన్సు పొందే అవకాశం కూడా పోవచ్చు.

నాది డిప్లొమానే. ఇన్నేళ్ల అనుభవం ఉన్నా డిగ్రీ అని ఎక్కడా రాసుకోలేదు. అందువల్ల నా గౌరవం తగ్గలేదు.

ఆ అమ్మాయి మళ్లీ శిక్షణకు వెళ్లి, కొత్త కార్డు తెచ్చుకున్నాకే దరఖాస్తు పంపింది. మీ ఇంట్లో నర్సింగ్ చదివే పిల్లలుంటే ఈ పేజీ వారికి చూపించండి.